చరిత్ర పీరియడ్‌లో పిల్లల చేత చదివించండి

పాఠశాల విద్యాశాఖ అధికారులకు, సాంఘిక శాస్త్రం, తెలుగు పాఠ్యపుస్తకాలు రాసే సంఘాల సభ్యులకు, ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయినిని. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇదే పని చేస్తున్నవారితో తరచుగా మాట్లాడుతుంటాను. మా అందరి బాధా ఒకటే కాబట్టి ఈ లేఖను రెండు రాష్ట్రాల అధికారులకూ కలిపి రాస్తున్నాను. అడుగుతున్నది ఒక్కటే. ఈ మూడు తరగతుల్లో చరిత్ర పాఠం ఉన్న ప్రతి రోజూ కనీసం పదిహేను నిమిషాలు పిల్లలు స్వయంగా చదవాలి. చదివినదాని మీద మాట్లాడాలి. ఆ పదిహేను నిమిషాలను మా దగ్గర నుంచి ఎవరూ లాక్కోకుండా మీరు కాపాడాలి.

చరిత్ర పీరియడ్ ఇప్పుడు ఎలా నడుస్తోందో మీలో చాలామందికి తెలుసు, మీరూ ఒకప్పుడు తరగతి గదిలో పనిచేసినవారే. హాజరు పట్టీ పూర్తయ్యేసరికే కొంత సమయం పోతుంది. ఉపాధ్యాయుడు ఒక పేరా చదివి సారం చెబుతాడు, ఇంకో పేరా చదివి దాని సారం చెబుతాడు. పాఠం చివరనున్న ప్రశ్నలకు జవాబులు పుస్తకంలో ఎక్కడున్నాయో పెన్సిలుతో గీతలు పెట్టిస్తాడు. మర్నాడు అవే జవాబులు బోర్డు మీదకు, అక్కడి నుంచి నోట్సులోకి వెళతాయి. ఆ తర్వాత దిద్దడం, సంతకం, తేదీ. ఈ రెండు రోజుల్లో పిల్ల తనంతట తాను చదివింది ఎంత? గీత పెట్టిన నాలుగు వాక్యాలు. మిగిలిన నాలుగు పేజీలు ఆమె కళ్ల ముందు ఉన్నాయి కానీ ఆమె వాటిని చదవలేదు. ఇందులో ఉపాధ్యాయుల సోమరితనమేమీ లేదు. తనిఖీకి వచ్చేవారు మొదట అడిగేది సిలబస్ ఎంతవరకు వచ్చింది, నోట్సు దిద్దారా అనే. ఏది అడుగుతారో అదే జరుగుతుంది.

నిజానికి మన పుస్తకాలు ఈ విషయాన్ని ఎప్పుడో గుర్తించాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి వచ్చిన సాంఘిక శాస్త్ర పుస్తకాలు విద్యా ప్రమాణాల్లో విషయావగాహన పక్కనే, పాఠ్యాంశాన్ని చదివి అర్థం చేసుకుని వ్యాఖ్యానించడం అనేదాన్ని విడిగా ఒక ప్రమాణంగా నిలబెట్టాయి. ఆ పుస్తకాలు తయారుచేసినవారికి నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని. కానీ పరీక్ష దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రమాణానికి ఏం జరిగింది? ‘కింది పేరాను చదివి వ్యాఖ్యానించండి’ అని ప్రశ్న ఇస్తారు. ఆ పేరా పాఠ్యపుస్తకంలోదే అవుతుంది. దానికి వ్యాఖ్యానం గైడులో సిద్ధంగా ఉంటుంది. పిల్లలు పేరా మొదటి మూడు మాటలు చూసి ఏ వ్యాఖ్యానం రాయాలో గుర్తుపడతారు. చదివే శక్తిని పరీక్షించాల్సిన ప్రశ్న జ్ఞాపకాన్ని పరీక్షిస్తోంది.

గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే 2022లో ఏం చెప్పిందో మీకు గుర్తుండే ఉంటుంది. దేశం మొత్తం మీద ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు సుమారు 70 శాతం. అంటే పదిమందిలో ముగ్గురు ఆ చిన్న పాఠం కూడా చదవలేకుండానే ఎనిమిదేళ్లు బడిలో గడిపారు. ఈ లెక్క వచ్చిన ప్రతిసారీ మనం ప్రాథమిక పాఠశాల వైపు చూస్తాం. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి వరకే గురి పెట్టింది. అది చేయవలసిన పనే. అయితే ఆరో తరగతిలో నా ముందు కూర్చున్న పిల్ల సంగతి ఏమిటి? ఆమె కూడబలుక్కుని చదువుతుంది. ఆమెకు రోజూ చదివే అవకాశం ఇవ్వగల పీరియడ్లు రెండే: తెలుగు, సాంఘిక శాస్త్రం. ఆ రెండో దాంట్లో ఆమె చేత అసలు చదివించడం లేదు.

ధారాళంగా చదివే పిల్లల సంగతి కూడా చెప్పాలి, వారికీ నష్టం జరుగుతోంది. కథను చదివినట్టు చరిత్రను చదవడానికి లేదు. ఈ మాట ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, ఎవరికి వినిపించాలని అన్నారు, ఇందులో ఎవరి మాట లేదు అని అడుగుతూ చదవాలి. ఇది తనంతట వచ్చే విద్య కాదు, ఎవరైనా పక్కన కూర్చుని నేర్పాలి. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలు దీనికి తయారుగా ఉంటారు. ప్రతిదానికీ ‘మీకెలా తెలుసు టీచర్?’ అని ఎదురడుగుతారు. చరిత్రకారుడి మొదటి ప్రశ్న కూడా అదే. తొమ్మిదో తరగతి దాటితే పరీక్ష భయం ఆ ప్రశ్నను నోట్లోనే ఆపేస్తుంది.

ఊరికే ఆదర్శాలు చెబుతున్నానని అనుకోకుండా ఒక వారం పాఠాలు ఎలా నడవవచ్చో చూపిస్తాను. ఏడో తరగతి, కాకతీయుల పాఠం. గణపతిదేవుడి దగ్గర పిల్లలు మామూలుగా నేర్చుకునేది ‘మోటుపల్లి అభయ శాసనం వేయించాడు’ అన్న ఒక్క వాక్యం. ఖాళీ పూరించడానికి అది చాలు. ఆ శాసనంలో ఏముందో మాత్రం వారికి తెలియదు. చీరాల దగ్గరి మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలోని స్తంభం మీద ఉన్న ఆ శాసనం 1244–45 నాటిది. సముద్రం మీద వచ్చే వర్తకులను ఉద్దేశించి ఒక రాజు చేసిన బహిరంగ ప్రకటన అది. తుపానులో చిక్కి ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే వెనకటి రాజులు వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ బలవంతంగా తీసుకునేవారని అందులో ఉంది. ప్రాణం కన్నా ధనమే ఎక్కువని తెగించి సముద్రం దాటేవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వారికే వదిలేస్తున్నామని గణపతిదేవుడు చెబుతాడు. ఎగుమతి, దిగుమతి సరుకుల మీద సుంకం ముప్పైకి ఒకటి. ఆ తర్వాత మంచిగంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు అంటూ సరుకుల జాబితా సాగుతుంది.

దీన్ని నేటి తెలుగులోకి తెస్తే ఒక పేజీకి మించదు. సోమవారం ఆ పేజీ ప్రతి పిల్లకూ ఇద్దాం. మొదట ఉపాధ్యాయురాలు ఒకసారి గట్టిగా, నిదానంగా చదువుతుంది. పిల్లలు వేలు పెట్టి వెంట వస్తారు. తర్వాత మౌనంగా ఒకసారి, ఆ పైన ఇద్దరిద్దరు జంటగా ఒకసారి చదువుకుంటారు. చదవడంలో వెనకబడిన పిల్లకు మూడోసారికి ఆ వాక్యాలు పరిచయమైపోతాయి. అందరి ముందు ఒక్కదాన్నే నిలబెట్టి తడబడేలా చేయవలసిన అవసరమే రాదు. ఆ రోజు అడగవలసిన ప్రశ్నలు మూడు: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఇంతకు ముందు ఏం జరిగేది? జవాబు చెప్పేటప్పుడు ఆ మాట పేజీలో ఎక్కడుందో చూపించాలి.

మర్నాడు సరుకుల జాబితా. కర్పూరం ఎక్కడి నుంచి వచ్చేది? మిరియాలు పండేది ఎక్కడ? పటం తెరిస్తే సుమత్రా నుంచి మలబారు దాకా వేలు కదులుతుంది. మూడు వందల బస్తాలకు సుంకం ఎన్ని బస్తాలో వారే లెక్క కడతారు. పటం పాఠం, లెక్కల పాఠం విడిగా చెప్పకుండానే అందులోకి వచ్చేస్తాయి.

బుధవారం నాటి ప్రశ్న నాకు అన్నిటికన్నా ఇష్టం. రాజు దయ చూపించాడా, లాభం చూసుకున్నాడా? దయ అని శాసనమే చెబుతోంది. కానీ దోచుకునే రేవుకు ఓడలు రావు, ఓడలు రాకపోతే సుంకం రాదు. రాజు తన గురించి తాను చెప్పుకున్న కారణాన్ని మనం ఎంతవరకు నమ్మాలి? ఈ ప్రశ్న వేసి ఉపాధ్యాయురాలు కాసేపు మాట్లాడకుండా ఉండాలి. పన్నెండేళ్ల పిల్లలు ఎంత పదునుగా వాదిస్తారో అప్పుడు వినండి. అందులో ఓడ పగిలిన నావికుడి గొంతు లేదని, రేవులో సుంకం వసూలు చేసేవాడి గొంతు లేదని వారే కనిపెట్టగలరు.

నాలుగో రోజు ఇటలీ యాత్రికుడు మార్కో పోలో రాసిన మాటలు. మోటుపల్లి ప్రాంతాన్ని ఇతడు మరో పేరుతో వర్ణించాడు. రాజు చనిపోయాక నలభై ఏళ్లుగా ఆయన రాణి న్యాయంగా, సమర్థంగా ఏలుతోందని రాశాడు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారులు చాలామంది గుర్తిస్తారు. కానీ రుద్రమ గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. పైగా నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆమె మరణాన్ని చెబుతోంది. అది వెలుగు చూడకముందు పుస్తకాలు ఆమె 1295 దాకా పాలించిందని రాసేవి. అంటే పేరుపొందిన యాత్రికుడి రాతలోనూ తప్పు ఉండవచ్చు, పాఠ్యపుస్తకంలోని తేదీ కూడా ఒక రాయి దొరికితే మారవచ్చు. ఈ సంగతి తెలిసిన పిల్ల రేపు ఫోనులోకి ఎవరో పంపిన ‘చరిత్ర’ను చూసినప్పుడు ఇది ఎక్కడ ఉంది, ఎవరు రాశారు అని అడుగుతుంది. ఈ కాలంలో ఇంతకన్నా అవసరమైన చదువు నాకు కనబడటం లేదు.

శుక్రవారం ఇదే పేజీ తెలుగు పీరియడ్‌లోకి వెళుతుంది. తెలుగు వాచకంలో అవగాహన–ప్రతిస్పందన, స్వీయరచన అనే అభ్యాసాలు ఎలాగూ ఉన్నాయి. మోటుపల్లి రేవులో దిగిన వర్తకుడు ఇంటికి రాసే ఉత్తరం రాయమంటే చాలు. సరుకుల పేర్లు, సుంకం, తుపాను భయం అన్నీ పిల్లల దగ్గర అప్పటికే ఉంటాయి. రాయడానికి ఏమీ తోచడం లేదన్న మాట ఆ రోజు వినబడదు.

ఇలా చేస్తే సిలబస్ పూర్తికాదని అంటారు. నిజమే, ఇప్పుడున్న పాఠాలన్నీ పూర్తికావు. కొన్ని పాఠాలు తగ్గించండి. రాజవంశాల పట్టికలో నాలుగు పేర్లు తగ్గితే పిల్లల భవిష్యత్తు పాడైపోదు. పదో తరగతి చదివి కూడా దినపత్రిక సంపాదకీయం చదివి అందులోని వాదమేమిటో చెప్పలేకపోతే మాత్రం పాడవుతుంది. ఇందులో బేరం లేదని నా నమ్మకం.

పుస్తకం భాష గురించి కూడా పాఠ్యపుస్తక రచయితలకు ఒక మాట. మీలో అందరూ ఇలా రాయరు. కానీ ‘భూమి శిస్తు రైతులచే చెల్లించబడేది’ వంటి వాక్యాలు పేజీ పేజీకీ తగులుతున్నాయి. రైతులు శిస్తు కట్టేవారు అంటే ఆరో తరగతి పిల్ల ఒక్క చదువుతో అందుకుంటుంది. పిల్లలకు అర్థమయ్యే తెలుగులో పాఠాలు ఉండాలని గిడుగు రామమూర్తి పంతులు గారు వందేళ్ల కిందటే పోరాడారు. ఆయన పుట్టినరోజున ఏటా ఆగస్టు 29న బడుల్లో సభలు పెడుతున్నాం. ఆ సభలో ఆయన పటానికి దండ వేసిన చేత్తోనే పక్క పీరియడ్‌లో ఈ వాక్యాలు బట్టీ పట్టిస్తున్నాం. ఆయన సవర భాష నేర్చుకుని సవర పిల్లల కోసం వారి భాషలో పుస్తకాలు రాశారు. ఇవాళ మన ఏజెన్సీ బడుల్లో చదువుతున్న కోయ, గోండు, సవర పిల్లలకు చరిత్ర పాఠంలో తమ పెద్దల మాట ఒక్కటైనా తమ భాషలో చదువుకునే వీలు ఉండాలి. తెలుగు పక్కన ఒక చిన్న పేజీ వేసినా చాలు.

ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక సమస్య రెట్టింపైంది. ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఒక భాష ఉండే ద్విభాషా పుస్తకాలు మంచి ఆలోచన, నేను వాటిని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ వాడుకలో ఏం జరుగుతోంది? ఉపాధ్యాయుడు ఇంగ్లీషు పేజీ చదివి తెలుగులో చెబుతాడు. పిల్లలు ఇంగ్లీషు జవాబు ఎక్కించుకుంటారు. తెలుగు పేజీని ఎవరూ చదవరు, ఇంగ్లీషు పేజీ ఎవరికీ అర్థం కాదు. ముందు తెలుగు పేజీ చదివి, దాని మీద మాట్లాడి, ఆ తర్వాత అదే విషయాన్ని ఇంగ్లీషులో చదివితే పిల్ల రెండు భాషల్లోనూ ముందుకు వెళుతుంది. ఈ క్రమాన్ని ఉపాధ్యాయుల కరదీపికలో స్పష్టంగా రాయండి. రాతపూర్వకంగా లేకపోతే ‘ఇంగ్లీషు మీడియంలో తెలుగు ఎందుకు చదివిస్తున్నారు?’ అని అడిగేవారికి మా దగ్గర జవాబు ఉండదు.

చదివించడానికి సామగ్రి ఎక్కడుందని అడగవద్దు. మన నేలంతా రాతలే. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు ఉన్నాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతివి కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల మీద దయ ఉండాలి, నిజం చెప్పాలి, ఈ మాటలు శిష్యులకు నేర్పాలి అని అందులో ఉంది. పత్తికొండలో చదివే పిల్ల అశోకుడంటే ఎక్కడో పాటలీపుత్రం రాజు అనుకుంటూ పెరగడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. కడప జిల్లా కలమళ్లలో 575 నాటి తెలుగు శాసనం ఉంది. అద్దంకిలో 848 నాటి పండరంగని శాసనంలో తరువోజ పద్యం ఉంది. కరీంనగర్ జిల్లా కురిక్యాల గుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన మూడు కంద పద్యాలున్నాయి. ఆ గుట్ట పాఠం తెలుగు టీచరుదా, సోషల్ టీచరుదా? ఇద్దరూ కలిసి చెప్పాల్సిన పాఠం అది.

రాళ్లే కానక్కరలేదు. దివిసీమ బడుల్లో పిల్లలు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి తమ నాయనమ్మలను, అమ్మమ్మలను అడగవచ్చు. చూసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎవరు ఎక్కడ తలదాచుకున్నారు, తర్వాత సాయం ఎప్పుడు అందింది అని అడిగి ఒక పేజీ రాసుకొస్తే, దాన్ని తరగతిలో చదువుకుని ఆనాటి పత్రికల వార్తతో పోల్చుకోవచ్చు. హైదరాబాదు బడులకు 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద ఉంది. దాని తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. తాము తాగే నీళ్ల వెనక ఆ విపత్తు ఉందని పిల్లలు చదివి తెలుసుకోవాలి. నల్గొండ, వరంగల్ ఊళ్లలో వెట్టిచాకిరి గురించి ముసలివాళ్లు చెప్పే మాటలు ఉన్నాయి. వాటిలో కులం వస్తుంది, దొర పేరు వస్తుంది, ఆ దొర వారసుల పిల్లలూ అదే తరగతిలో ఉండవచ్చు. ఈ ఇబ్బంది నాకు తెలుసు. అందుకే ఉపాధ్యాయులకు ఇటువంటి పాఠం ఎలా నడపాలో శిక్షణ కావాలి. ఇబ్బందికి భయపడి పాఠాన్నే వదిలేస్తే ఆ పిల్లలు అవే సంగతులు సగం సగంగా, కోపంగా, రచ్చబండ దగ్గర వింటారు.

మీరు చేయగల పనులు కొన్ని చెబుతాను. చరిత్ర పరీక్షలో పాఠ్యపుస్తకంలో లేని ఒక చిన్న భాగం ఇవ్వండి. నిర్మాణాత్మక మూల్యాంకనంతోనైనా మొదలుపెట్టండి. తెలుగు పరీక్షలో అపరిచిత గద్యం ఎప్పటి నుంచో ఉంది, చరిత్రకు ఎందుకు ఉండకూడదు? ఈ ఒక్క మార్పుతో గైడు బలం సగం తగ్గుతుంది. వారంలో ఒక రోజు తెలుగు, సాంఘిక శాస్త్రం పీరియడ్లు పక్కపక్కన వచ్చేలా కాలపట్టికలో చోటు ఇవ్వండి. ప్రతి జిల్లాకూ అక్కడి శాసనాలు, యాత్రికుల రాతలు, ఉత్తరాలు, పెద్దల జ్ఞాపకాలతో పలచని వాచకం ఒకటి వేయించండి. పురావస్తు శాఖలో శాసనాల పాఠాలు ఉన్నాయి, బడుల్లో వాటిని పిల్లల తెలుగులోకి తేగల ఉపాధ్యాయులున్నారు, ఉచిత పాఠ్యపుస్తకాలు పంచే వ్యవస్థ ఉంది. పాఠశాల సముదాయాల సమావేశాల్లో మాకు సర్క్యులర్లు చదివి వినిపించే సమయంలో కొంత తీసి, ఒక పేజీని తరగతిలో ఎలా చదివించాలో ఒకరికొకరం చేసి చూపించుకునే వీలు కల్పించండి.

చదివే అలవాటు కోసం ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘చదవడం మాకిష్టం’ వచ్చింది, తెలంగాణలో 2022లో వంద రోజుల పఠన కార్యక్రమం నడిచింది. గ్రంథాలయ పుస్తకాలు బీరువాలోంచి బయటికి రావడం అప్పుడు కళ్లారా చూశాం. కానీ కార్యక్రమం ముగిసిన రోజున పుస్తకాలు మళ్లీ బీరువాలోకి వెళ్లాయి. వాటి కోసం రోజువారీ పాఠంలో చోటు లేదు. అందుకే నేను కొత్త పథకం అడగడం లేదు. ఉన్న పీరియడ్ లోపలే పదిహేను నిమిషాలు అడుగుతున్నాను.

తనిఖీ గురించి చివరగా ఒక కోరిక. మా బడికి ముందుగా చెప్పకుండానే రండి. నోట్సులు తర్వాత చూద్దురుగాని. ఏడో తరగతిలోకి వెళ్లి మీకు నచ్చిన బెంచీ దగ్గర ఆగి, ఆ పిల్ల ఎన్నడూ చూడని ఒక పేజీ ఆమె చేతికిచ్చి చదవమనండి. ఇది ఎవరు రాసి ఉంటారని అడగండి, ఎందుకలా అనుకుంటున్నావని అడగండి. ఆమె ఏం చెప్పిందో మీ తనిఖీ పుస్తకంలో రాయండి. ఆ తర్వాత నా పని ఎలా ఉందో రాయండి.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని